ఏ తూటా? ఎవరి కొరకు?

మన సంఘ కార్యదర్శిగారు ఈ సంచికకు చరిత్రాంశముపై ఒక వ్యాసము వ్రాయుమని కోరిన వారముననే నేను ఒక మిత్రుని చూచుటకై సియాల్దా నుండి ఈశాపూరునకు లోకలు బండిలో పోవుచుంటిని. ఆ దారి మనలో అనేకులకు పరిచితమే. మొదట దమ్‌దమ్. కొంతసేపటికి టిటాగఢ్, జనుపనార మిల్లులలో పనికై విశాఖపట్టణము, గంజాము జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగువారు స్థిరపడిన ఊరు. తరువాత బారక్‌పూరు. ఆపై పల్తా, ఈశాపూరు. గంటసేపటి ప్రయాణము. కిటికీ ప్రక్క కూర్చుండి ఆ స్టేషనుల పేర్లు వరుసగా చదువుకొనుచుండగా, ఇవన్నియు ఒకే కథలోని ప్రకరణముల పేర్లు గదా యని తోచినది. ఆ కథ తుపాకి తూటా కథ.

పూర్వపు వేట గ్రంథములలో తప్పక కనబడు ప్రశ్న యొకటి కలదు. పెద్ద మృగమును దూరము నుండి కొట్టవలెనన్నచో ఏ తూటా మేలు? దీనికి సమాధానముగా నిండిన పుటలకు లెక్క లేదు. నేను వేటగాడను కాను. కార్యాలయములో కాగితముపై తప్ప దేనిపైనను గురిపెట్టి ఎరుగను. అయినను ఈ ప్రశ్నకు మన దేశమున, అందు ముఖ్యముగా ఈ కలకత్తా పరిసరములలో, దొరికిన సమాధానములను చరిత్ర విద్యార్థిగా పరిశీలించినచో, అది వేటగాని కొక్కనికే సంబంధించిన విషయము కాదని తేలుచున్నది. తూటాను మృగమును బట్టియు దూరమును బట్టియు ఎన్నుకొందురని మన మనుకొందుము. మన దేశమున ప్రభుత్వపు భయమును బట్టి ఎన్నుకొనుట కూడ జరిగినది. ఎన్నిక తప్పినపుడు మూల్యము చెల్లించినవారు మాత్రము ఆ ఎన్నికలో మాట చెల్లనివారే.

ముందుగా పదార్థమును చెప్పుకొందము. గుండు ఒక్కటియే తూటా కాదు. గుండు, దానిని త్రోయు మందు, ఆ మందును రగిలించు టోపీ, ఈ మూటిని కూర్చి పట్టియుంచు తొడుగు, ఇవన్నియు కలిసి తూటా. ఈనాడు ఆ తొడుగు ఇత్తడితో చేయుదురు. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకి కాలమున అది కాగితము; టోపీ వేరుగ నుండెడిది. సిపాయి ఆ కాగితపు కొనను పంటితో కొరికి, మందును గొట్టములో పోసి, గుండును కడ్డీతో దిగగొట్టవలెను. గుండు సులువుగా దిగుటకు తొడుగునకు కొవ్వు పూయుట ఆచారము. ఆ క్రొత్త తుపాకిని వాడుటలో శిక్షణ నిచ్చు కేంద్రములలో నొకటి దమ్‌దమ్.

1857 జనవరిలో దమ్‌దమ్ ఆయుధశాలలో పనిచేయు ఖలాసీ యొకడు దాహమునకై ఒక బ్రాహ్మణ సిపాయి చెంబు నడిగెననియు, అతడు కులము పేర నిరాకరింపగా, ఆవుకొవ్వు పందికొవ్వు పూసిన తూటాలను కొరుకబోవు నీకు ఇక కులమెక్కడిదని వాడు ఎగతాళి చేసెననియు, ఆ నెల 22వ తేదీన కెప్టెన్ రైట్ తన పై యధికారులకు తెలియజేసెను. వదంతి బారక్‌పూరు దండునకు ప్రాకినది. మార్చి 29న అచట మంగళ్ పాండే తుపాకి ఎత్తెను. ఆ సంవత్సరపు తిరుగుబాటునకు ఇంకను లోతైన కారణములు అనేకములున్నవని చరిత్రకారు లందరు చెప్పుదురు. అయినను మన ప్రశ్నకు సంబంధించిన పాఠ మొకటి ఇందులో కలదు. ఆ తూటాను ఎన్నుకొన్నవారు, గురి ఎంత బాగుగా కుదురునో, గుండు ఎంత దూరము పోవునో పరీక్షించిరి. దానిని కొరుకవలసిన వానిని మాత్రము అడుగలేదు.

ఇక వేటకు వత్తము. వేటతుపాకులను తొలుత గుండు బరువును బట్టి లెక్కించెడివారు. ఒక పౌను సీసముతో గొట్టమునకు సరిపోవు గుండ్లు పన్నెండు వచ్చినచో అది 12 బోరు; ఎనిమిదియే వచ్చినచో 8 బోరు. అంకె తగ్గినకొలది గుండు పెరుగును. ఏనుగునకు 4 బోరు తుపాకిని మోసినవారు కూడ కలరు. ఆ గుండ్లు బరువైనవి, మందకొడివి. 1856లో లండనులోని పర్డీ యను తుపాకుల తయారీదారుడు గుండును తేలిక చేసి, మందును హెచ్చించి, రైలుబండి వేగమును తలపించునట్లు దానికి ‘ఎక్స్‌ప్రెస్’ అను పేరు పెట్టెను. నాటి నుండి వేటగాండ్ర ధ్యాస వేగముపైకి మరలినది. లెక్కించు పద్ధతియు మారి, రైఫిలు బోరును అంగుళములో వేయింట ఇన్ని వంతులని చెప్పుట వాడుకయైనది. .450 బోరన్నచో అంగుళమున వేయింట నాలుగువందల ఏబది వంతులు.

వేగము వలన లాభమేమో చిన్న లెక్కతో తెలియును. గుండు గొట్టమును విడిచిన క్షణము నుండి భూమి దానిని క్రిందికి లాగుచునే యుండును. 1871లో బ్రిటిషు సైన్యము స్వీకరించిన మార్టినీ హెన్రీ రైఫిలు గుండు బరువు 480 గ్రెయినులు, అనగా సుమారు 31 గ్రాములు. వేగము సెకనుకు 1350 అడుగులు. గాలి అడ్డును లెక్కింపకపోయినను, 200 గజములు పోవుటకు దానికి సెకనులో నాలుగు పదులవంతులకు పైగా పట్టును. ఆ లోపల మూడడుగులకు మించి దిగజారును. సెకనుకు 2000 అడుగులు పోవు గుండు అంతే దూరములో ఒకటిన్నర అడుగు మాత్రమే దిగును. గురిమెట్టును దూరమునకు తగినట్లు ఎత్తుకొనవచ్చును గదా యందురు. నిజమే. కాని అడవిలో దూరమును కొలిచి చెప్పువా రెవరు? 250 గజముల నున్న మృగమును 200 గజముల నున్నదని పొరబడినచో, మార్టినీ గుండు గురికి ఒక అడుగు క్రిందుగా తగులును. రెండవ గుండు అయిదారు అంగుళములు మాత్రమే తప్పును. గుండె కొరకు విడిచినది ముంగాలిని విరిచిపోవుటకు ఒక అడుగు చాలును.

ఈ కారణము చేతనే పొగరాని మందైన కార్డైటు వచ్చినప్పుడు వేటగాండ్రు దానిని వరముగ భావించిరి. సైన్యపు .303 తూటా 1890 దశకపు ఆరంభమున కార్డైటునకు మారెను. ఎన్‌ఫీల్డు ప్రభుత్వ ఆయుధశాలకు లోగడ అధికారిగా నుండిన జాన్ రిగ్బీ, 1898లో వేటకొరకు .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను వెలువరించెను. అందును గుండు బరువు 480 గ్రెయినులే. వేగము మాత్రము 2150 అడుగులు. శక్తి వేగపు వర్గమును బట్టి హెచ్చును గనుక, మార్టినీ దెబ్బ కన్న ఇది రెండున్నర రెట్లు. అడవిదున్నకును, పెద్దపులికిని, ఏనుగునకును పనికివచ్చు ఈ తూటా భారతదేశమునకు వచ్చు వేటగాండ్రలో శీఘ్రముగ ప్రసిద్ధి చెందినది. ఉష్ణదేశములలో కార్డైటు వేడికి మందు ఒత్తిడి పెరిగి తొడుగు గొట్టములో బిగిసిపోవు చిక్కు కలదు. జంట గొట్టముల తుపాకికి తొడుగును పెద్దదిగ చేసి ఒత్తిడిని తగ్గించుట కూడ మన ఎండల వలన నేర్చిన పాఠమే.

ఈ మధ్యలో దమ్‌దమ్ పేరు మరియొకమారు ప్రపంచమున మ్రోగినది. సైన్యపు .303 గుండు సన్ననిది. సీసము చుట్టును గట్టి లోహపు తొడుగు కలది. అది వేగముగ పోయి సన్నని రంధ్రము చేసి వెలుపలికి వచ్చుటయే గాని ఎదుటివానిని నిలుపుట లేదని 1895 చిత్రాల్ దండయాత్ర తరువాత ఫిర్యాదులు వచ్చినవి. మార్టినీ గుండునకును దీనికిని శక్తిలో పెద్ద భేదము లేదు. భేదమంతయు గుండు శరీరములో చేయు పనియందు కలదు. దమ్‌దమ్ కర్మాగారమున కెప్టెన్ బర్టీ క్లే యను అధికారి గుండు కొనపై లోహపు తొడుగును తీసివేసి మెత్తని సీసమును బయటపెట్టెను. తగిలినంతనే ఆ కొన పుట్టగొడుగు వలె విచ్చుకొనును. 1897-98 వాయవ్య సరిహద్దు యుద్ధములలో దానిని మనుష్యులపై ప్రయోగించిరి. ఐరోపాలో నిరసన చెలరేగినది. 1899 జూలై 29న హేగ్ సమావేశమున, శరీరములో విచ్చుకొను గుండ్లను యుద్ధములో వాడరాదను ప్రకటన వెలువడెను. బ్రిటను మొదట అంగీకరింపక 1907లో అంగీకరించెను.

ఇందొక విచిత్రము కలదు. కొన బోలుగానుండి విచ్చుకొను గుండ్లను వేటగాండ్రు అంతకు చాలముందు నుండియు వాడుచుండిరి. యుద్ధములో క్రూరమని నిషేధించినదే వేటలో దయయని చెప్పబడెను. ఇది కపటము కాదు. గాయపడిన సైనికుని మోసికొనిపోవుటకు తోడివారును, వైద్యులును ఉందురు. గాయపడిన పులికి ఎవరును లేరు. అది చనిపోవలెను, లేదా బాధతో బ్రదుకవలెను. అందుచేత పులికి మెత్తని కొన గల గుండు, ఎముకలు దాటి లోనికి దిగవలసిన అడవిదున్నకును ఏనుగునకును గట్టి తొడుగు గల గుండు అను విభజన ఏర్పడెను. బోరు కన్న గుండు కూర్పు ముఖ్యమని అనుభవజ్ఞులు చెప్పిన మాటకు ఇదియే మూలము.

ఇంతవరకు మృగమును బట్టియు దూరమును బట్టియు సాగిన ఎన్నికలో ఇచట ప్రభుత్వము ప్రవేశించినది. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున చేసిన ఆయుధముల చట్టము ప్రకారము భారతీయుడు తుపాకి పట్టవలెనన్న లైసెన్సు కావలెను. ఐరోపావారికి ఆ నిర్బంధము లేదు. చట్టముండినను పాలకులకు నిద్ర పట్టలేదు. సైన్యము విడిచివేసిన మార్టినీ హెన్రీ రైఫిళ్ళు సరిహద్దు తెగల చేతులలో అనేకముగ నుండెను. దాని గొట్టపు బోరు .450. వేటగాడు కొను .450 తూటాల సామగ్రి ఆ రైఫిళ్ళకు చేరవచ్చునను భయముతో 1907 ప్రాంతమున భారతదేశములోనికిని సూడానులోనికిని .450 బోరు తూటాల దిగుమతిని నిషేధించిరి.

లండనులోని తుపాకుల తయారీదారులకు మన దేశము ముఖ్యమైన బేరము. వారు పోట్లాడలేదు, బోరు మార్చిరి. హాలండ్ అండ్ హాలండ్ వారు .465 బోరును, జోసెఫ్ లాంగ్ .470ని, మరికొందరు .475, .476 బోరులను తెచ్చిరి. గుండు బరువు, వేగము, దెబ్బ, అన్నియు ఇంచుమించు పూర్వపువే. తరువాతి కాలమున ఆఫ్రికాలో ఏనుగుల వేటకు పేరొందిన .470 తూటా ఇట్లు పుట్టినది. అంగుళములో వేయింట పదునైదు, ఇరువది వంతుల ఈ తేడా పులికి తెలియదు. గెజిట్టునకు మాత్రమే తెలియును. మనవంటి ఉద్యోగులకు ఇందు నవ్వదగినదియు, ఆలోచింపదగినదియు కూడ కలదు. ఒక సర్కారు ఉత్తరువు కారణముగా ప్రపంచమంతటను వేటతుపాకుల కొలతలు మారినవి.

ప్రభుత్వపు భయము ఊరకనే పుట్టినది కాదు. 1914 ఆగస్టు 26న ఈ నగరముననే రోడా కంపెనీ అను తుపాకుల వర్తకులకు వచ్చిన సరకులో నుండి 50 మౌజరు పిస్తోళ్ళు, 46,000 తూటాలు గల పెట్టెలు మాయమైనవి. కస్టమ్సు హవుసు నుండి సరకు విడిపించి ఎడ్లబండ్ల కెక్కించిన శిరీష్ చంద్ర మిత్ర ఆ కంపెనీ గుమాస్తాయే. బండ్లలో ఒకటి గోదామునకు చేరక విప్లవకారుల యిండ్లకు పోయినది. బోరులను వేయింట వంతులుగ కొలిచి నిషేధించిన ప్రభుత్వము ఒక గుమాస్తాను లెక్కలోనికి తీసికొనలేదు. మన తెలుగునాట 1922 ఆగస్టు 22 నుండి 24 వరకు అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగ దాడిచేసి గైకొన్నవియు తుపాకులు, తూటాలే. వేటకు ఏ తూటా మేలన్న ప్రశ్న వెనుక, ఎవని చేతికి ఏ తూటా పోరాదన్న ప్రశ్న ఎల్లపుడును నిలిచియుండెను.

సరే, వేటగాండ్రు కోరిన తూటా ఏదో యొక పేరుతో చేతికి వచ్చినది. ఆ దూరము నిజముగ అవసరమా? హిమాలయములలో ఐబెక్స్, మార్ఖోర్ అను కొండమేకలు నివసించును. వాటిని ఎదుటి కొండవాలుపై రెండు మూడు వందల గజముల దూరమున చూచి కొట్టవలసి వచ్చును. అచట .256, .275 వంటి సన్నని, వేగవంతమైన గుండ్లకు అర్థము కలదు. నల్లమల వెదురు పొదలలో గాని, మన్యపు కొండలలో గాని నూరు గజముల దూరము తేటగ కనబడుటయే అరుదు. పులిని మంచెపై నుండియో, ఏనుగు అంబారీపై నుండియో, అడవిని తోలించి దగ్గరకు రప్పించియో కొట్టుట మన దేశపు పద్ధతి. 1902లో కర్జను ప్రభువు నిజాము రాజ్యమున ఓరుగల్లు దాపున నెక్కొండలో పులివేటకు వచ్చినపుడు రాజా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రములు ప్రసిద్ధములు. చచ్చిన పులి వెనుక దొర, దొరసాని నిలుచుందురు. ఇట్టి వేటలలో పులిని దొర గురియెదుటికి తోలుకొనివచ్చువారు చేత తుపాకి లేని గ్రామస్థులు. మన చెంచులు విల్లు పట్టి వేటాడినపుడు దూరమును తూటాతో గాక అడుగులతో తగ్గించిరి. నాటి చిత్తూరు జిల్లా మామండూరు అడవులను గూర్చి వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ దీర్ఘకాలము నమ్ముకొన్నది .405 వించెస్టరు. అది దగ్గరి దెబ్బకు పనికివచ్చు బరువైన గుండు గలది గాని దూరపు గురికి పేరొందినది కాదు.

దూరపు దెబ్బలో అసలైన ఆపద గుండు తప్పుట కాదు. తప్పీ తప్పక తగులుట. ఇరువది గజములలో గాయపడిన పులిని వేటగాడు వదలి పోలేడు; అది అతనిని వదలదు. ముందు చూపిన లెక్కలోని యొక అడుగు తప్పు మూడువందల గజముల అవతల జరిగినచో, నెత్తురు జాడ వెదకుటకు లోయ దిగవలెను, పొద్దుపోవును, బండి వేళ మించును. తగులలేదని తనకు తాను చెప్పుకొని మరలిపోవుట సులభము.

ఈ సత్యమునకు సాక్ష్యము మనము పలుమారు పేర్కొన్న 1907వ సంవత్సరముననే దొరకినది. కుమావూన్ కొండలలో చంపావత్ వద్ద జిమ్ కార్బెట్ ఒక ఆడపులిని ఆ యేట సంహరించెను. అది నేపాలమున 200 మందిని, కుమావూన్‌లో 236 మందిని, మొత్తము 436 మందిని పొట్టనబెట్టుకొన్నదని అతడు వ్రాసెను. అడవిని తోలుటకు తహసీల్దారు సమకూర్చిన గ్రామస్థులు 298 మంది. కార్బెట్ చేతి .500 బోరు రైఫిలులో ఉన్నవి మూడే తూటాలు. అవి అయిపోగా పరుగునపోయి తహసీల్దారు పాత తుపాకిని తెచ్చుకొని, ఇరువది అడుగుల దూరమునకు సమీపించి తుది దెబ్బ కొట్టెను. ఆ తుపాకి గొట్టమునకును వెనుకభాగమునకును నడుమ సందు కలదని అప్పుడే చూచెను. వేయింట వంతుల లెక్కలన్నియు ఆ క్షణమున ఏమైనవి?

కాని అసలు విషయము తరువాత తెలిసినది. చచ్చిన పులి నోరు చూడగా కుడివైపున మీది కోరపన్ను సగమునకును, క్రింది కోరపన్ను ఎముక దాకను విరిగియున్నవి. అది పాత తుపాకి దెబ్బ. ఆ గాయము వలన తన సహజమైన ఆహారమును పట్టజాలక అది మనుష్యుల మీద పడెనని కార్బెట్ నిర్ణయించెను. ఆ మొదటి గుండును పేల్చిన వాడెవడో చరిత్రకు తెలియదు. వాని తూటా ఏ బోరో, అతడు ఎంత దూరము నుండి కొట్టెనో కూడ తెలియదు. అతడు ఇంటికి పోయి భోజనము చేసియే యుండును. లెక్క మాత్రము 436.

పులిని చంపినందుకు సంయుక్త రాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హెవెట్ కార్బెట్‌కు ఒక .275 రిగ్బీ రైఫిలును బహూకరించెను. కలకత్తాలోని మాంటన్ కంపెనీ ద్వారా వచ్చిన తుపాకి యది. దూరమునకు పేరొందిన ఆ సన్నని గుండుతోనే అతడు 1926 మే నెలలో రుద్రప్రయాగ నరభక్షక చిరుతను కొట్టెను. ఎట్లు? రాత్రివేళ, చెట్టుపై కూర్చుండి, దాపునకు వచ్చువరకు వేచియుండి. దూరపు తూటాను చేతబట్టి దగ్గరకు రానిచ్చి కొట్టినవాడు అతడు. ఈ ప్రశ్నకు నాకు కనబడిన సరియైన సమాధానము ఇదియే.

ఇది చదివి, ఎక్కడో కుమావూన్ మాటలు మనకేల యని ఎవరైనను అనుకొందురేమో. మా అమ్మమ్మగారి పుట్టినూరు నర్సీపట్నము దరి మన్యపు అంచున నుండెడిది. ఆమె అయిదారేండ్ల బాలికగా నున్నపుడు విడిది చేసిన దొర యొకడు ఏటి కీవలి గట్టు నుండి ఆవలి కొండపై నున్న చిరుతను కొట్టెనట. తగిలినది, పడలేదు. మరునాడు ఉదయమే దొర మకాము ఎత్తివేసెను. ఆ తరువాత మొదట మేకలు పోయినవి, పిదప దూడలు, ఒక సాయంకాలము పశువుల వెంట పోయిన పిల్లవాడు తిరిగి రాలేదు. అతడు అమ్మమ్మతో గవ్వలాడిన పిల్లవాడు. ఆమె పెండ్లియై విశాఖపట్టణమునకు వచ్చి, చిరుతపులి అడుగుపెట్టజాలని వీధిలో ఏబది యేండ్లు కాపురము చేసినను, పొద్దు గ్రుంకకమునుపే పిల్లలను పేరు పేరున పిలిచి లెక్కపెట్టుకొని పెరటి తలుపు గడియ వేసెడిది. మేము నవ్వెడివారము. కారణము తెలిసిన పిమ్మట నవ్వలేదు.

బండి ఈశాపూరు చేరినది. ఇచట 1787లో తుపాకిమందు కర్మాగారమును స్థాపించిరి. ఆ స్థలముననే 1904లో రైఫిలు కర్మాగారము వెలసినది. స్వాతంత్ర్యానంతరము ఇచట తయారైన .315 బోరు వేటరైఫిలు మన దేశమున లైసెన్సుదారులకు సుపరిచితము. ఆ బోరే ఎందుకు? .303 సైన్యపు తూటా. అది పౌరునకు నిషిద్ధము. ఆంగ్లప్రభుత్వపు తర్కమును 1959 ఆయుధముల చట్టమును, 1962 నిబంధనలును కొనసాగించినవి. నిషిద్ధ బోరు, అనిషిద్ధ బోరు అను మాటలు నేటికిని మన కార్యాలయములలో వినబడుచునే యున్నవి. జాతిభేదమును పాటించిన పాత చట్టము పోయినది. కొలతను బట్టి భయపడు అలవాటు మిగిలినది. అయితే స్వతంత్ర ప్రభుత్వము మరియొక ప్రశ్నను కూడ వేసినది. ఏ తూటాతో కొట్టవలెనని గాక, అసలు కొట్టవలెనా యని. 1970లో పులివేట నిషేధింపబడెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. ఆ యేటి గణనలో దేశమంతటను తేలిన పులులు 1827 మాత్రమే. 1973 ఏప్రిలు 1న పులుల సంరక్షణ పథకము ప్రారంభమైనది. మొదటి తొమ్మిది అభయారణ్యములలో మన పొరుగుననున్న సుందరవనము ఒకటి. నాగార్జునసాగరు శ్రీశైలము అడవులు 1983లో ఆ వరుసలో చేరినవి.

అందుచేత ఈనాడు మన దేశమున పెద్ద మృగమునకు ఏ తూటా మేలని అడుగువారు లేరు. అడుగవలసిన పనియు లేదు. ప్రశ్న చరిత్రలోనికి పోయినది. కాని దాని వెనుకనున్న ప్రశ్న పోలేదు. మనము తుపాకులు పట్టువారము కాము, కాగితములు పట్టువారము. మన బల్లలపై నుండి కదలు ఉత్తరువులును దూరముననే తగులును. ఎవరికి తగిలినదో, ఎక్కడ తగిలినదో చూచుటకు మనము లోయ దిగి పోము. 1857లో దమ్‌దమ్ తూటాను ఆమోదించినవారును, 1907లో .450ని నిషేధించినవారును తమ బల్లల వద్ద శ్రద్ధగ పనిచేసిన ఉద్యోగులే యని నేను నమ్ముచున్నాను. వారు గుండును కొలిచిరి, మందును తూచిరి, దూరమును లెక్కించిరి. తప్పినచో ఎవరి నెత్తిన పడునన్న గడిని మాత్రము ఖాళీగ విడిచిరి.

మిత్రుని యింట కాఫీ త్రాగి సాయంకాలపు బండికి మరలితిని. టిటాగఢ్‌లో ఒక తెలుగు కుటుంబము ఎక్కినది. తల్లి సీటులో కూర్చుండకముందే పిల్లలను పేరు పేరున పిలిచి లెక్క చూచుకొనెను. ముగ్గురును ఉన్నారు. బండి కదలినది.